టోపీ పెట్టిన కెమెరా

టైలరక్క అంటే ఆ వీధి ఆడవాళ్ళకి ఒక ధైర్యం. ఉన్నమాట చెప్పుకోవాలిగా, ఆవిడ కుట్టు మరీ అంత గొప్పదేం కాదు. చేతులు కాస్త బిగుతుగా కుడుతుంది. చెప్పిన రోజుకి ఇస్తే ఒట్టు. "రేపు రామ్మా" అన్న మాట ఎప్పుడూ నాలుక చివరే ఉంటుంది. అయినా అందరూ ఆవిడ గడపే తొక్కుతారు, ఎందుకంటే ఆవిడ నోరు గట్టిది. ఎవరి నడుము ఎంత పెరిగిందో, ఎవరికి ఒక భుజం కిందికి ఉంటుందో, ఎవరు గౌను వదులు చేయించుకుంటున్నారో, ఎందుకు చేయించుకుంటున్నారో అన్నీ ఆవిడకి తెలుసు. ఒక్క ముక్క బయటికి పొక్కదు. "ఫలానా ఆవిడకి నెల తప్పిందటగా?" అని ఎవరైనా కూపీ లాగబోతే, గబుక్కున నాలుగు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని "ఊఁ?" అంటుంది. నోట్లో సూదులున్న మనిషిని ఇంకేం అడుగుతారు చెప్పండి.

ఇల్లు వరసగా మూడు గదులు. ముందుగది దుకాణం. అందులో మిషను, కత్తిరించే బల్ల, హ్యాంగర్లకి వేలాడే సగం కుట్టిన బట్టలు. మధ్యగదిలో నిలువుటద్దం, తెర, ఒక మూల పాప ఊయల. వెనక వంటిల్లు. కొలతలు తీసేదీ, కుట్టినవి తొడిగి చూసేదీ మధ్యగదిలోనే. టేపు పట్టుకుని చుట్టూ తిరిగే మనిషి ముఖం మనకి కనపడదు కదా, వీపు వెనకో భుజం పక్కనో ఉంటుంది. ముఖం కనపడకపోతే మాట తేలిగ్గా వచ్చేస్తుంది. అలా అత్తగారి మీద కోపాలూ, మొగుడి మీద కడుపుమంటలూ, డాక్టరు చెప్పిన సంగతులూ, ఇంకెవరికీ చెప్పని ఏడుపులూ ఆ గదిలో పడుతుండేవి. టైలరక్క "ఊఁ... చెయ్యెత్తు" అనేది. అంతకుమించి ఒక్క మాట లేదు.

ఆవిడ మొగుడు లారీ డ్రైవరు. ఇంటి పట్టున ఉండే రోజులకన్నా రోడ్డు మీద ఉండే రోజులే ఎక్కువ. పాప పుట్టాక ఆవిడ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ముందుగదిలో మిషను నడుస్తుంటే, మధ్యగదిలో పిల్ల గుక్కపట్టి ఏడ్చినా వినపడేది కాదు. ఒకసారి ఏదో పనిమీద లోపలికి వెళితే, పిల్ల ఊయల్లోంచి సగం బయటికి జారి వేలాడుతోంది. మర్నాడే వీధి మూల మీదున్న కెమెరాల షాపుకి పరిగెత్తింది.

ఆ షాపాయన మహా మర్యాదస్తుడు. "చెల్లెమ్మా" అనకుండా మాట మొదలుపెట్టడు. తనే వచ్చి కెమెరాని మధ్యగది గోడకి బిగించాడు. ఇంట్లో వైఫైకి కలిపాడు. ఆవిడ ఫోన్లో బొమ్మ వచ్చేట్టు చేశాడు. పిల్ల కాళ్ళాడించడం ఫోన్లో చూసి టైలరక్క మురిసిపోయింది.

"దీనికి పాస్‌వర్డ్ ఒకటి ఉంటుంది చెల్లెమ్మా. ఇప్పటికి నేనే ఏదో పెట్టాను. మీరు తీరిగ్గా మార్చుకోండి. మార్చకపోయినా పర్లేదనుకోండి, ఎప్పుడైనా మొరాయిస్తే మా షాపులో కూర్చునే సరిచేసి పెడతాను. మీకెందుకు ఈ తలనొప్పి?"

"అదే నయం అన్నయ్యా," అంది ఆవిడ. తలనొప్పి తప్పిందంటే ఎవరికి మాత్రం చేదు?

అలాగని టైలరక్క మరీ అమాయకురాలేం కాదు. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో కెమెరా ఏమిటన్న బెంగ ఆవిడకి మొదటిరోజే పట్టుకుంది. కూర్చుని దానికొక టోపీ కుట్టింది. మిగిలిపోయిన మందపాటి కోటు గుడ్డ, లోపల నల్ల లైనింగు, అంచుకి బొందు. ఎవరైనా కొలతలకి లోపలికొస్తే ముందు కెమెరాకి ఆ టోపీ తొడిగి, బొందు బిగించి ముడేసి, ఫోను తీసి చీకటిగా ఉన్న తెర చూపించి, "చూశావా, ఏమీ కనపడదు" అని అప్పుడు టేపు అందుకునేది. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. "దీనికి కొలతలెప్పుడు తీశావక్కా? మాకన్నా దీనికే బాగా కుదిరిందే!" అని ఒకావిడ. "దీనికైతే చెప్పిన రోజుకే ఇచ్చుంటావులే!" అని ఇంకొకావిడ. వీధంతా ఆ టోపీ గురించే చెప్పుకున్నారు. టైలరక్క పైకి విసుక్కున్నట్టు ముఖం పెట్టేది కానీ లోపల గర్వంతో ఉబ్బిపోయేది. ఆ టోపీ చూసుకుని మిగతాదంతా వదిలేసింది, అదీ అసలు సంగతి.

ఇక పొడుగమ్మాయి సంగతికొద్దాం. మనిషి నిజంగానే పొడుగు. కొన్న బట్టలేవీ ఆ పిల్లకి సరిపోవు, మడమల పైనే ఆగిపోతాయి. అందుకే టైలరక్క దగ్గర పడింది. ఈ అమ్మాయి ఎవరో కాదు, ఆ కెమెరాల షాపాయన భార్యే. మొదట్లో "ఊఁ", "ఆఁ" తప్ప మాట్లాడేది కాదు. మూడో గౌను దగ్గరో నాలుగో గౌను దగ్గరో, టేపు వీపు మీదుండగా కట్ట తెంచుకున్నట్టు చెప్పేసింది. ఆయన కొట్టడట, తిట్టడట. అన్నీ తెలుసుకుంటాడట, అంతే. ఇంటి తలుపు ఎప్పుడు తెరిచిందో షాపులో కూర్చునే తెలుస్తుందట. పాలు తేవడానికి గడప దాటితే ఫోను మోగుతుందట. తాళం ఆయన ఫోన్లోంచే పడుతుందట, ఆయన ఫోన్లోంచే తెరుచుకుంటుందట.

"దీపం ఆర్పడం కూడా ఆయనేనక్కా. నేను పుస్తకం చదువుకుంటుంటే లైటు ఆరిపోతుంది. 'ఇక పడుకో' అని మెసేజీ వస్తుంది."

టైలరక్కకి ఒళ్ళు మండింది. కానీ అలవాటు కొద్దీ "ఊఁ, ఇటు తిరుగు" అనే అంది.

ఆ పిల్ల అద్దంలోంచి గోడ వైపు చూసింది. "అక్కా, ఆ కెమెరా మా ఆయన పెట్టిందేగా? పాస్‌వర్డ్ మార్చావా?"

"ఆ, మార్చేశాలే."

ఎందుకన్నట్టు ఆ మాట? మార్చలేదు. ఎలా మార్చాలో తెలీదు. తెలీదని చెప్పడానికి నామోషీ. ఎదురుగా ఉన్నది తనకన్నా చిన్నపిల్ల, తనని "అక్కా, అక్కా" అని వేలు పట్టుకున్నట్టు నమ్ముకున్న పిల్ల. ఆ పిల్ల ముందు ఏమీ తెలీనిదానిలా ఎలా నిలబడుతుంది? సాయంత్రం ఎవరినైనా అడిగి మార్చేద్దాంలే, అప్పుడు అన్నమాట నిజమైపోతుందిలే అనుకుంది. సాయంత్రం ఎవరిదో కోటు తొందరొచ్చి మీద పడింది. ఆ తర్వాత మరిచే పోయింది. తర్వాతి నెలలో ఆ పిల్ల మళ్ళీ ఒకసారి అడిగింది. మళ్ళీ "మార్చానని చెప్పాగా!" అంది, ఈసారి కొంచెం కసురుగా కూడా. చూడండి మరి, చెయ్యని పనికి ఎంత దబాయింపో.

పొడుగమ్మాయి నమ్మింది. నమ్మి, కడుపులో ఉన్నదంతా బయటపెట్టింది. దూరపు ఊళ్ళో ఒక స్నేహితురాలు కంటి ఆసుపత్రిలో పని చూసిపెట్టిందట. గది కూడా చూసిందట, దాని తూర్పు కిటికీ పక్కన కూర్చుని చదువుకోవాలని ఈ పిల్లకి ఆశట. ఆయన సరుకు కోసం ఊరు దాటి వెళ్ళే రోజున తను బయల్దేరాలట. చదువు కాగితాలూ గుర్తింపు కార్డూ దాచుకోవడానికి లోపలి జేబున్న కోటు ఒకటి కుట్టిపెట్టాలి, జేబు పైకి తెలియకూడదు.

"మంచి పని చేస్తున్నావు," అంది టైలరక్క. ఆవిడ ఆ గదిలో అభిప్రాయం చెప్పడం అదే మొదటిసారి కావచ్చు. "వెళ్ళు. ఆలోచించకు."

ఆ పిల్ల వెళ్ళిపోయాక కెమెరాకి టోపీ అలానే ఉండగా, పాపకి పక్కబట్ట మారుస్తూ, "చూశావే బంగారం, పాపం దానికి రిమోట్ మొగుడు దొరికాడే. నొక్కితే వెలగాలి, నొక్కితే ఆరాలి" అని తనలో తనే గొణుక్కుంది. పిల్ల బొటనవేలు నోట్లో పెట్టుకుని చూసింది.

తర్వాత జరిగింది ఇది. అనుకున్న రోజున షాపాయన ఊరికి వెళ్ళలేదు. వెళ్తున్నానని సంచి సర్దుకుని, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చాడు. కోటు ఇంకా చేతికి అందక, కాగితాలు సంచిలో పెట్టుకుని పొడుగమ్మాయి తలుపు దగ్గరికి వచ్చేసరికి తాళం తెరుచుకోలేదు. ఆయన కిటికీ అవతల నిలబడి, చాలా మర్యాదగా, ఏ ఊరు వెళ్తున్నావో, ఏ ఆసుపత్రిలోనో, గది కిటికీ ఏ వైపుందో కూడా చెప్పి, కాగితాలు ఇలా ఇవ్వమన్నాడు. తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

కొన్నాళ్ళకి ఆ పిల్ల టైలరక్క దుకాణానికి వచ్చింది. ముందుగదిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూర్చునున్నారు.

"ఎందుకు చెప్పావక్కా?" అంది.

"ఏం చెప్పాను?"

"నేను నీకొక్కదానికే చెప్పాను. నా స్నేహితురాలికి కూడా గది కిటికీ సంగతి నేనేం అనుకున్నానో తెలీదు. నీ దగ్గరే అన్నాను. ఆయన అవే మాటలు అప్పజెప్పారు. నీకేం ఇచ్చారక్కా?"

అంతే. టైలరక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళు! ఎన్ని కడుపుల్లో మాటలు తన కడుపులో దాచుకుంది! నలుగురి ముందూ ఎంత మాటంది ఈ పిల్ల!

"ఏమన్నావ్? నేను చెప్పానా? ఈ వీధిలో ఎవరినైనా అడుగు నా నోటి సంగతి! నీ మొగుడి ముందు నువ్వే గజగజా వణికి కక్కేసుంటావు, ఇప్పుడు నెపం నా మీదా? నీలాంటిదాన్ని చేరదీసినందుకు నన్ను చెప్పుతో కొట్టాలి! పో, ఇంకెప్పుడూ నా గడప తొక్కకు!"

కూర్చున్నవాళ్ళు "అంతేగా మరి, టైలరక్క చెప్పడమేంటి!" అని వంత పాడారు. పొడుగమ్మాయి ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. సగం కుట్టిన కోటు హ్యాంగరుకి వేలాడుతూ ఉండిపోయింది.

ఆ తర్వాత ఒకరోజు షాపాయన ఒక ప్యాంటు పట్టుకుని వచ్చాడు, అంచు పైకి మడిచి కుట్టాలని. బల్ల మీద పెట్టి, నవ్వు ముఖంతో, "ఏం చెల్లెమ్మా, ఈ రిమోట్ మొగుడి ప్యాంటు ఎప్పటికి తయారవుతుంది?" అన్నాడు.

టైలరక్క "రేపు రండి" అంది. ఆయన వెళ్ళాక కూడా కాసేపు ఏమీ అనిపించలేదు. పొడుగుది ఇది కూడా మొగుడికి చెప్పేసిందన్నమాట, నంగనాచి, అని పళ్ళు నూరుకుంటూ కత్తెర అందుకుంది. గుడ్డ మీద కత్తెర సగం నడిచాక చెయ్యి ఆగిపోయింది. ఆ మాట ఆ పిల్ల ముందు అనలేదు. ఆ పిల్ల వెళ్ళిపోయాక అంది. గదిలో పాప తప్ప ఎవరూ లేరు. పాపకి ఇంకా "అమ్మ" అనడం కూడా సరిగా రాదు.

లేచి మధ్యగది గుమ్మం దగ్గరికి వెళ్ళింది. టోపీ పెట్టుకుని కెమెరా గోడమీద ఉంది. ఆవిడకి ఆ గదిలో అడుగుపెట్టడానికి కాళ్ళు రాలేదు. పిల్లని ఎత్తుకుని, ముందు తలుపు వేసి, రెండు వీధుల అవతలున్న ఆడపడుచు ఇంటికి పోయింది. ఆ ఆడపడుచు ఒక ఆఫీసులో కంప్యూటర్ల ముందు పనిచేస్తుంది. ఫోను తీసుకుని అటూ ఇటూ నొక్కి చూసి, పెదవి విరిచింది.

"వదినా, ఇది నీ కెమెరా కాదు."

"నా ఇంటి గోడకుందే!"

"గోడ నీది. కెమెరా ఆయన పేరు మీదుంది. నువ్వు కూడా చూసుకోవడానికి ఆయన నీకు అనుమతిచ్చాడు, అంతే. నువ్వెప్పుడైనా పాస్‌వర్డ్ మార్చి నీ పేరు మీద పెట్టుకోమని అడిగావా?"

"నేను... టోపీ కుట్టాను కదే దానికి. నల్ల లైనింగు వేసి మరీ..."

ఆడపడుచు నవ్వబోయి, వదిన ముఖం చూసి ఆపుకుంది. "కళ్ళకి గంతలు కట్టావు, బానే ఉంది. దానికి మైకు కూడా ఉంటుంది వదినా. అది గుడ్డలోంచి నిక్షేపంగా వింటుంది. పిల్ల ఏడుపు నీ ఫోన్లో వినపడుతుంది కదా, ఎలా అనుకున్నావు?"

నిజమే కదా! పిల్ల ఏడుపు వినడానికేగా కొన్నది. రోజూ వింటూనే ఉంది. తనకి వినపడేది ఇంకొకరికి వినపడుతుందన్న ఆలోచనే రాలేదు. టైలరక్కకి తల కొట్టేసినట్టయింది. ఒక్కొక్కళ్ళే గుర్తొచ్చారు. అద్దం ముందు చేతులు చాపి నిలబడి, ఆవిడని చూడకుండా ఆవిడకి అన్నీ చెప్పినవాళ్ళు. వాళ్ళందరి చివరా పొడుగమ్మాయి. "పాస్‌వర్డ్ మార్చావా అక్కా?" అని రెండుసార్లు అడిగిందే! రెండుసార్లూ మార్చానని కోతలు కోసిందే! మోసం ఆ షాపాయనది, కాదనం. కానీ ఆ పిల్ల సరైన చోట వేలు పెట్టి అడిగితే, ఆ వేలు పక్కకి నెట్టింది తనే. పైగా నలుగురి ముందు చెప్పుతో కొట్టాలంది, గడప తొక్కొద్దంది. టైలరక్క ఆడపడుచు ముందే చెంపలు వాయించుకుని ఏడ్చింది.

"ఇప్పుడే పోయి పీకి నేలకేసి కొడతా దాన్ని!"

"కొడితే ఆ క్షణమే ఆయనకి తెలిసిపోతుంది. ముందు ఆ అమ్మాయికి చెప్పు," అంది ఆడపడుచు.

చెప్పాలంటే ఆ ముఖం చూడాలి. ఆ ముఖం ఎలా చూడాలో తెలీక టైలరక్క మూడు రోజులు కోటు కుట్టింది. కుట్టు విప్పింది, మళ్ళీ కుట్టింది. చివరికి దాన్ని చేతిమీద వేసుకుని ఆ ఇంటికి వెళ్ళింది.

గంట నొక్కగానే గోడలోంచి షాపాయన గొంతు పలికింది. "ఎవరూ? చెల్లెమ్మా! ఏంటి విశేషం?"

మనిషి షాపులో, గొంతు ఇక్కడ. టైలరక్క గోడకే జవాబిచ్చింది. "కోటు అన్నయ్యా. ఒకసారి తొడిగి చూడాలి."

"పాపం, ఇంకా కుడుతూనే ఉన్నారా! తను ఎక్కడికీ వెళ్ళడం లేదుగా." చిన్న నవ్వు. "సరే, చూడండి." తలుపు దానంతటదే టక్కుమని తెరుచుకుంది.

హాల్లో పైమూల ఒక కెమెరా, అలమరలో బన్ను సైజు స్పీకరు. పొడుగమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. టైలరక్క కెమెరాకి వీపు పెట్టి కుర్చీలో కూర్చుంది. కోటు తిరగేసి ఒళ్ళో పరుచుకుని, గుర్తులు పెట్టే సుద్దముక్క తీసి నల్ల లైనింగు మీద రాసింది. మొదట చేతికి వచ్చిన మాట ఏమిటో తెలుసా? "నేను చెప్పలేదు."

ఆ పిల్ల చదివింది. ముఖం రాయిలా ఉంది. తెరుచుకున్న తలుపు చప్పుడింకా చెవిలో ఉండగానే, ఇక్కడికొచ్చి కూడా ముందు తన పరువే కాపాడుకుంటోందని టైలరక్కకి తనకే అసహ్యం వేసింది. అరచేత్తో తుడిచేసి, మళ్ళీ రాసింది. "కెమెరా వింది. పాస్‌వర్డ్ మార్చలేదు. నీకు అబద్ధం చెప్పాను."

"చంకల దగ్గర పట్టేస్తోందామ్మా?" అంది పైకి.

"లేదక్కా," అంది పొడుగమ్మాయి, కోటు తొడుక్కోకుండానే. ముందుకి వంగి సుద్దముక్క అందుకుని రాసింది. "ఈ ఇంట్లో నోరు విప్పలేకే నీ దగ్గరికి వచ్చేదాన్ని."

అది టైలరక్క పూర్తిగా చదివేదాకా ఉంచి, అప్పుడు తుడిచింది. దాని కింద ఇంకొక్క ముక్క రాసింది. "దాన్ని తీయకు."

ఎందుకో టైలరక్కకి అర్థం కాలేదు. అడిగే ముఖం లేదు. తలూపి వచ్చేసింది. ఆరోజు నుంచీ ఎవరొచ్చినా వంటింట్లో పొయ్యి పక్కన నిలబెట్టి కొలతలు తీసింది. "అదేంటక్కా ఇక్కడ?" అంటే "ఆ గదిలో బల్లి దూరింది" అనేది. "ఇన్నాళ్ళు ఉంటుందా బల్లి?" అంటే "పిల్లల్ని పెట్టింది" అనేది. వాళ్ళు నవ్వితే ఆవిడకి ఏడుపొచ్చేది. నిజం చెబుదామంటే, పదిమందికి చెప్పిన మాట మూలమీది షాపుకి చేరడానికి ఎంతసేపు? చెప్పకపోతే, వాళ్ళ మాటలన్నీ ఆయన దగ్గర పడున్నాయని తెలిసీ వాళ్ళ నడుముకి టేపు చుడుతున్నట్టు. ఎటు చూసినా సిగ్గే.

కొన్నాళ్ళకి పొడుగమ్మాయి వచ్చింది. ముందుగదిలో ఆగకుండా తిన్నగా మధ్యగదిలోకి నడిచింది. టైలరక్క అలవాటుగా టోపీ బొందు బిగించేసరికి, ఆ పిల్ల పెదాల మీద వేలు పెట్టుకుని ఒక్క చూపు చూసింది. ఆ తర్వాత గట్టిగా, తేటగా మొదలుపెట్టింది.

"అక్కా, నన్ను క్షమించు. అనవసరంగా నిన్నన్నాను. ఆ స్నేహితురాలే ఆయనకి ఫోన్ చేసి చెప్పేసిందట. ఈసారి దానికి చెప్పలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆయన షాపులో ఉండగా, పెద్ద బస్టాండులో బస్సెక్కేస్తాను. నీకు తప్ప ప్రాణికి చెప్పలేదక్కా. నువ్వే నా ధైర్యం. నిన్ను నమ్మినట్టు ఇంకెవరినీ నమ్మను."

ఈ మాటలన్నీ ఆ పిల్ల ఆ టోపీ వైపు తిరిగి చెప్పింది. టైలరక్క వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అప్పుడు అర్థమైంది టైలరక్కకి. తన వంతు మాట తను అనాలి. ఇన్నేళ్ళుగా ఈ గదిలో ఎంతమందికో మనసారా ఇచ్చిన మాట, ఇప్పుడు నాటకంలో అప్పజెప్పాలి.

"వెళ్ళమ్మా," అంది. "నా నోట్లోంచి ఒక్క ముక్క బయటికి రాదు."

పొడుగమ్మాయి తలూపింది, బాగానే చెప్పావన్నట్టు. వెళ్ళిపోయింది.

శుక్రవారం షాపాయన ఇంటి తాళం తెరిచే ఉంచాడు. రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకుందామని తమ్ముళ్ళిద్దరినీ వెంటేసుకుని పెద్ద బస్టాండులో బస్సు బస్సూ వెతికాడు. అక్కడ ఆ పిల్ల నీడ కూడా లేదు. ఇంటికొచ్చేసరికి ఇల్లు ఖాళీ. బీరువాలోని కాగితాలు బీరువాలోనే ఉన్నాయి. ఫోను బల్లమీద ఉంది. అవన్నీ వదులుకునే వెళ్ళింది.

సాయంత్రం ఆయన టైలరక్క దుకాణంలోకి దూసుకొచ్చాడు. ఈసారి చెల్లెమ్మా లేదు, ఏమీ లేదు.

"ఎక్కడికి పంపావ్?"

"నాకు తెలీదు," అంది టైలరక్క.

"నీకు తెలీకుండా ఉంటుందా? అది నీకు చెప్పకుండా వెళ్తుందా?"

"నాకు చెప్పలేదు. ఒట్టు."

బల్ల మీదున్న బట్టలన్నీ నేలకి విసిరికొట్టి, నీ సంగతి చూస్తానని అరిచి వెళ్ళిపోయాడు. కూర్చునున్న ఆడవాళ్ళు బిగబట్టిన ఊపిరి వదిలారు. అందులో గౌను వదులు చేయించుకోవడానికి వచ్చినావిడ ఒకరు, ముఖం వెలిగిపోతూ, "నీ నోరు నోరేనక్కా! కోసినా చెప్పవు! ఆ పిల్ల అదృష్టం, నీలాంటి మనిషి దొరికింది," అంది. పక్కావిడ, "అందుకేగా మనం ఇక్కడికొచ్చేది," అంది.

టైలరక్క కింద పడ్డ బట్టలు ఏరుతూ కూర్చుండిపోయింది. ఆ మెచ్చుకోలు ఒక్కొక్క మాటా చెంపదెబ్బలా తగిలింది. కాదనకుండా ఊరుకోవచ్చు. ఊరుకుంటే పేరు నిలుస్తుంది, దుకాణం నిలుస్తుంది. ఆ పిల్ల ఎక్కడున్నా ఇటు తిరిగి చూడదు కాబట్టి ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

"నాకు నిజంగానే తెలీదే," అంది తల ఎత్తకుండా. "తెలిసి దాస్తున్నాననుకుంటున్నారు మీరు. ఈసారి అది నాకు చెప్పలేదు. చెప్పకపోవడమే మంచి పని చేసింది." లేచి మధ్యగది తెర పక్కకి లాగింది. "లోపల బల్లీ లేదు, దాని పిల్లలూ లేవు. ఇలా రండి, మీకూ ఒక సంగతి చెప్పాలి."

చెప్పింది. టోపీ, మైకు, పాస్‌వర్డ్, మార్చానని ఆడిన అబద్ధం, ఏదీ దాచకుండా చెప్పింది. చెబుతుండగానే, ఇందాక మెచ్చుకున్నావిడ ముఖంలో నవ్వు మెల్లగా కరిగిపోయింది. చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. పోయిన నెలలో అదే అద్దం ముందు నిలబడి తనేం చెప్పుకుందో ఆవిడకి గుర్తొచ్చింది. టైలరక్కకీ గుర్తొచ్చింది.